ర్యాంప్ మీద ఎర్రలైటు ఎందుకు?

ప్రశ్న: మినియాపొలిస్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఫ్రీవే ఎక్కే ర్యాంప్ మీద రోజూ సిగ్నల్ దగ్గర ఆగాల్సి వస్తోంది. దీనివల్ల ఆలస్యమే కదా?

జవాబు: ఆ కాసేపు ఆగడం వృథా కాదు. కార్లు గుంపుగా ఫ్రీవేలోకి చొరబడితే వెనకవాళ్లంతా వరసగా బ్రేకులు వేస్తారు. అక్కడే రద్దీ మొదలవుతుంది. సెన్సర్లు ఆ రద్దీని కొలుస్తుంటే, సిగ్నల్ దాన్నిబట్టి కార్లను ఒక్కొక్కటిగా వదులుతుంది.

2000లో మినియాపొలిస్ ప్రాంతంలో సుమారు 430 ర్యాంప్ సిగ్నళ్లను కొన్ని వారాలు ఆపి చూశారు. ఫ్రీవే మోయగలిగిన వాహనాలు 9 శాతం తగ్గాయి. ప్రయాణ సమయం 22 శాతం, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి.

ఎర్రలైటు ఉంటే సిగ్నల్ ముందున్న గీత దగ్గరే ఆగండి. పచ్చలైటు పడ్డాక ర్యాంప్ చివరికల్లా ఫ్రీవే వేగం అందుకుని కలవండి. బయల్దేరేముందు 511 ట్రాఫిక్ సమాచార సేవలో రద్దీ చూసుకోండి.

సిగ్నల్ ఎంతకీ మారకపోతే మిన్నెసోటా రవాణా శాఖకు తెలపండి. ప్రమాదం జరిగితే వెంటనే 911కు ఫోన్ చేయండి.