ఆకాశమునుండి పడిన రాయి — పంచాయతీ కర్తవ్యము

వేసవి రాత్రులలో ఆరుబయట పరుండువారికి చుక్క తెగి రాలుట క్రొత్త సంగతి కాదు. సూర్యుని చుట్టు తిరుగుచుండు రాతి తునుకలు మిక్కిలి వేగముతో భూమి వాయుమండలములోనికి చొచ్చుకొని వచ్చినపుడు కలుగు వేడిమివలన ఆ వెలుగు పుట్టును. దానినే ఉల్క యందురు. అట్టివానిలో చాలభాగము మింటనే మాడి పొడియగును. అరుదుగా మిగిలి నేల చేరిన దానికి ఉల్కాశిల యని పేరు. దీనినిగూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన ముఖ్యవిషయ మొకటి కలదు. అది పడిన ఊరు, దినము, వేళ తెలిసినప్పుడే ఉల్కాశిలకు పూర్తి విలువ కలుగును.

ఏ ఊరి చెంత రాయి దొరికిన ఆ ఊరి పేరే దానికి పెట్టుట ప్రపంచమంతట ఆచారము. 1852 జనవరి 23వ తేదీన నెల్లూరు ప్రాంతమున పడిన సుమారు 14 కిలోల రాయి శాస్త్రజ్ఞుల పట్టికలలో 'యాటూర్' అను పేర నున్నది. 1870 జనవరి 23వ తేదీన పార్వతీపురము ప్రాంతమున పడిన ఇనుపముద్ద 'నెడగొల్ల' యైనది. పదునెనిమిదేండ్ల యెడముతో రెండింటి తేదీ ఒకటే యగుట విశేషము. 1934లో పడిన మరియొక రాతికి 'తిరుపతి' యని పేరు. బీహారులోని షేర్ఘాటీలో 1865 ఆగస్టు 25వ తేదీన పడిన రాయి కుజగ్రహమునుండి వచ్చినదని తరువాతి పరిశోధనలలో తేలినది. నేడు ఆ జాతి రాళ్ళన్నింటిని ఆ ఊరి పేరనే పిలుచుచున్నారు.

ఉల్కాశిలలను సేకరించుట అనేక దేశములలో కొందరికి అభిరుచి. అట్టివారు తరచుగా చెప్పుకొను వృత్తాంత మొకటి మన రైతులును వినదగినది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఎలైజా కింబర్లీ యను రైతు భార్య తమ పొలమున దొరకిన నల్లని బరువైన రాళ్ళను ఏరి కుప్పవేసెను. ఇరుగుపొరుగువారు నవ్విరి. ఆమె పట్టు విడువక పండితులకు జాబులు వ్రాసెను. తుదకు 1890లో ఒక ఆచార్యుడు వచ్చి పరీక్షించి, అవి ఉల్కాశిలలేయని తేల్చి, కొన్నింటిని కొనెను. ఆ చుట్టుపట్ల నేలలో రాళ్ళు సహజముగా లేకపోవుటచేతనే అవి ఆమె కంట బడినవి.

మన తాడేపల్లిగూడెము ప్రాంతపు స్థితియు ఇట్టిదే. ఏలూరు కాలువ క్రింది మాగాణులు, కొల్లేటి దరి పొలములు నదులు తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినవి. అట్టి నేలలో నాగలికి తగిలిన రాయి ఎక్కడనుండియో వచ్చినదే. అయినను ప్రతి నల్లరాయి ఉల్కాశిల కాదు. రైలుకట్టకును రోడ్లకును తెచ్చిన కంకర, కొలుముల యొద్ద మిగిలిన ఇనుప చిట్టెము, మెట్ట ప్రాంతపు తుప్పురంగు రాయి, కొవ్వూరు వైపున పూర్వపు లావా గడ్డకట్టగా నేర్పడిన నల్లరాయి మనలను భ్రమింపజేయగలవు.

క్రొత్తగా పడిన ఉల్కాశిలపై పలుచని నల్లని పెంకు ఉండును. మెత్తని మట్టిపై బొటనవ్రేలు నొక్కినట్టి గుంటలు కనబడవచ్చును. పరిమాణమునకు మించిన బరువు తోచును. విరిగినచోట పెక్కింటిలో సిమెంటు రంగు, నడుమ ఇనుప మెరుపులు, ఆవగింజలవంటి గుండ్రని గింజలు కానవచ్చును. లోపల బుడగల గుల్లలున్నచో అది చాలవరకు చిట్టెమే. అయస్కాంతమునకు అంటుకొనుట ఒక్కటే నిదర్శనము కాజాలదు, చిట్టెమును అంటుకొనును.

ఈ అజ్ఞానమును ఆసరా చేసికొని బ్రతుకు మోసగాండ్రు కలరు. పిడుగు పడిన పాత్రయనియు, ఇరిడియము కలదనియు, బియ్యమును తనవైపు లాగుకొనుననియు చెప్పి 'రైస్ పుల్లింగ్' పేర లక్షలు కాజేసిన ముఠాలను పోలీసులు పలుమారులు పట్టుకొనిరి. ఉల్కాశిలలలో స్వల్పముగా ఇరిడియము ఉండుమాట నిజమే. కాని ఏ లోహమును బియ్యపుగింజను లాగజాలదు. గింజలకు ఇనుపరజను పట్టించి అడుగున అయస్కాంతము దాచినచో ఎట్టి పాత్రయైనను లాగినట్లే కనబడును. వరి పండించు మన జిల్లాలో బియ్యము స్వభావము ఎరుగనివారెవరు? ఎక్కడ, ఎప్పుడు పడినదో, ఎవరు చూచిరో చెప్పలేని రాతికి ధర చెప్పువానిని నమ్మరాదు. పొలము తాకట్టుపెట్టి అట్టి బేరమునకు దిగిన కుటుంబము కోలుకొనుట కష్టము. ఇట్టి బేరము చెవినబడిన వెంటనే సర్పంచి పోలీసులకు తెలుపవలెను.

నిజముగా ఊరిలో రాయి పడినచో ఈ క్రింది విధముగా నడచుకొనవలెను.

1. వెలుగు కనబడిన వేళ, వచ్చిన దిక్కు, వినబడిన ధ్వని మొదలగు వివరములను చూచినవారిచే అదేదినమున చెప్పించి వ్రాసికొనవలెను.

2. రాతిని, అది చేసిన గుంటను తీయకమునుపే ఫొటో తీయవలెను. ప్రక్కన ఒక కొలబద్ద నుంచవలెను.

3. రాతిని కడుగరాదు, పగులగొట్టరాదు, పంచుకొనరాదు, అయస్కాంతము తాకింపరాదు. అయస్కాంతమువలన రాతిలోని పూర్వపు గుర్తులు చెడును. తడి తగిలిన ఇనుము తుప్పుపట్టును గనుక శుభ్రమైన పొడిగుడ్డలో చుట్టి భద్రపరుపవలెను.

4. తహసీలుదారు ద్వారా కలెక్టరుగారికి, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తెలియజేయవలెను. మన దేశమున ఉల్కాశిలలను భద్రపరచు బాధ్యత ఆ సంస్థదే. దాని దక్షిణ ప్రాంత కార్యాలయము హైదరాబాదులో నున్నది.

2022 ఆగస్టు 17వ తేదీన గుజరాతులోని దియోదర్ ప్రాంతమున రెండు గ్రామములలో రాతి తునుకలు పడగా, గ్రామస్థులు దాచి యుంచిన తునుకలు అహమ్మదాబాదు శాస్త్రజ్ఞులకు చేరినవి. అది మిక్కిలి అరుదైన జాతి యని తేలినది. మన దేశమున ఆ జాతి రాయి పడుట కనబడినది అంతకుముందు 1852లో మాత్రమే. నేడా ప్రాంతము పేరు లోకమంతటి శాస్త్రగ్రంథములలో చేరినది. మన గ్రామములకును అట్టి అవకాశము ఎన్నడైన రావచ్చును. ఆనాడు రాయి తునుకలై ఇంటింటికి పోకుండ, వివరములు మరుగున పడకుండ చూచుట పంచాయతీ చేతిలోని పని. ఈ విషయములను గ్రామసభలోను పాఠశాలలోను ఒకమారు చదివి వినిపింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.