తియ్యని ఆవిరి, తీరని అలవాటు

చూచుటకు కలమువలె ఉండు చిన్న పరికరము ఈ-సిగరెట్టు. దీనినే వేప్ అనియు పిలుచుదురు. ఇందులో పొగాకు కాలదు. బ్యాటరీ వలన వేడెక్కిన సన్నని తీగచుట్ట ఒక ద్రవమును ఆవిరిగా మార్చును. ఆ ఆవిరిని పీల్చుదురు. నిప్పు లేదు, బూడిద లేదు, కంపు లేదు. కనుక హానియు లేదని పలువురు బాలబాలికలు తలచుచున్నారు. ఇది పొరపాటు.

ఆ ద్రవములో సాధారణముగా నికొటిన్ ఉండును. చుట్టకును, బీడీకిని మనుష్యుని బానిసగా చేయునది ఈ నికొటినే. ఇది గొంతులో మంట పుట్టించును. అందువలననే మొదటిసారి సిగరెట్టు కాల్చిన కుర్రవాడు దగ్గి పారవేయును. మామిడి, పుదీన, మిఠాయి రుచులు ఆ మంటను కప్పిపుచ్చును. ప్రకృతి పెట్టిన కావలి ఈ విధముగా తొలగిపోవును. 2024లో అమెరికాలో జరిగిన సర్వేలో, ఈ-సిగరెట్లు వాడు పాఠశాల విద్యార్థులలో నూటికి 87 మందికి పైగా రుచులు కలిపినవానినే వాడుచున్నట్లు తేలినది.

మనుష్యుని మెదడు సుమారు 25 ఏండ్ల వరకు ఎదుగుచుండును. ఆ కాలమున నికొటిన్ సోకినచో ఏకాగ్రత, నేర్చుకొను శక్తి, మనోనిగ్రహము దెబ్బతినవచ్చును. వ్యసనము త్వరగా పట్టుకొనును.

తినుబండారములలో వాడు రుచులే గదా యని కొందరందురు. కడుపునకు సరిపడినది ఊపిరితిత్తులకు సరిపడవలెనని లేదు. డైఎసిటిల్ అను పదార్థము ఆహారమునకు వెన్న వాసన నిచ్చును. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున, మొక్కజొన్న పేలాల కర్మాగారములో దాని ఆవిరిని పీల్చుచు పనిచేసిన కొందరికి శ్వాసనాళికలు మూసుకొనిపోవు జబ్బు బయటపడినది. ఆ పదార్థమే కొన్ని ఈ-సిగరెట్టు ద్రవములలోను కనబడినది.

భారతదేశమున 2019 నాటి చట్టము ఈ-సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకమును, నిల్వను, ప్రకటనలను నిషేధించినది. అమ్మినవారికి మొదటి నేరమునకు ఒక సంవత్సరము వరకు జైలుగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. అయినను చాటుమాటు అమ్మకము పూర్తిగా ఆగలేదు. కనుక ఇంటిలోని జాగ్రత్త అవసరము.

గదిలో కారణము లేక పండ్ల వాసన వచ్చినను, బిడ్డకు పొడి దగ్గు విడువకున్నను, పుస్తకముల సంచిలో తెలియని పరికరము కనబడినను తల్లిదండ్రులు ఉపేక్షింపరాదు. కొట్టినచో బిడ్డ దాచుట నేర్చుకొనును. దగ్గర కూర్చుండబెట్టుకొని అడిగినచో చెప్పును. మానిన తొలి దినములలో చిరాకు, నిద్రలేమి కలుగుట సహజము. అవి కొన్ని వారములలో తగ్గును. మానదలచినవారికి 1800-11-2356 అను ఉచిత టెలిఫోను నెంబరున సలహా లభించును.

నాలుకకు తీపియైనంత మాత్రమున ఊపిరికి మేలు కాదు. ఈ మాట బిడ్డకు మొదటి ఆవిరి పీల్చక ముందే తెలియవలెను.