కొయ్య లేని వాద్యము

బొబ్బిలి శిల్పులు పనసకొయ్యను తొలిచి వీణను నిర్మింతురు. కొయ్యయు తంత్రియు లేకయే నాదము పుట్టునా? పుట్టును. 1983లో అమెరికాలోని అనహైమ్ నగరమున జరిగిన నామ్ వాద్యప్రదర్శనలో, విద్యుత్తుతో నాదమును కల్పించు రెండు సింథసైజర్లను తీగతో కలిపిరి. ఒకదానిని వాయింపగా రెండవదియు పలికెను. వాని నడుమ నడచిన సంకేతభాషయే మిడి. 1999లో స్టైన్‌బర్గ్ సంస్థ సింథసైజరునే ప్లగిన్‌గా, అనగా సంగీత సాఫ్ట్‌వేరులో చేర్చుకొను భాగముగా, వెలువరించెను. నేడట్టి ప్రదర్శనలలో ప్లగిన్‌లకును తావు కలదు. ఈ వాద్యము వట్టి గణితము. కంప్యూటరు సెకనుకు 44,100 సంఖ్యలను లెక్కింపగా, అవి విద్యుత్తుగా మారి స్పీకరును కదల్చును.

కాని మన గమకము స్వరముల నడుమ నుండును. వైణికుడు తంత్రిని లాగి పలికించు గమకమును కీబోర్డు వాద్యకుడు చక్రమును త్రిప్పి సాధింపవలెను. ఎంత త్రిప్పవలెనో యంత్రమెరుగదు. సాధన చేసిన చెవి యెరుగును.