పని మానినా వైద్యం మానకూడదు



సూలూరు మిల్లులో పని ముగిసిన రోజే ఇ.ఎస్.ఐ. వైద్యం కూడా ముగిసిందని అనుకోకండి. కనీసం 5 సంవత్సరాలు ఇ.ఎస్.ఐ.లో ఉండి, రిటైర్మెంటు వయస్సులో విరమించినవారు ఏడాదికి 120 రూపాయలు ముందుగా చెల్లిస్తే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. పిల్లలకు మాత్రం వర్తించదు.

ఎప్పుడు చేరాలి? విరమించే ముందే మిల్లులో సర్వీసు రుజువు అడిగి తీసుకోండి. విరమించిన వెంటనే బ్రాంచి ఆఫీసులో కట్టండి. ఏటా మరువకండి.

ఇ.ఎస్.ఐ. లేని కుటుంబం, ఏడాది ఆదాయం 1,20,000 రూపాయల లోపైతే, ఆదాయ ధృవపత్రం, రేషన్ కార్డుతో కోయంబత్తూరు కలెక్టరేటులో తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకానికి నమోదు చేసుకోవచ్చు.

దాహమేసినప్పుడు బావి తవ్వలేము. ఈ ఆదివారమే ఇంట్లో పెద్దల కార్డులు తీసి చూడండి.