చార్లీ బ్రౌన్ క్రిస్మస్ : ఒక పునఃపరిశీలన

అరగంట నిడివిగల ఈ కార్టూను చిత్రం 1965 డిసెంబరు 9న అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజన్ ద్వారా తొలిసారి ప్రసారమైనది. రచన చార్లెస్ షుల్జ్, దర్శకత్వం బిల్ మెలెండెజ్. ముందుగా చూచిన సంస్థాధికారులు పెదవి విరిచారు: నడక మందకొడి, సంగీతం జాజ్, నవ్వుల ధ్వని లేదు. ఆ దోషాలే దాని గుణాలని నా అభిప్రాయం.

పండుగ వ్యాపారమైపోయిందని చార్లీ దిగులు. (మన రంజాన్, సంక్రాంతి బజారులలోనూ ఈ దిగులు వినవచ్చును.) మెరిసే అల్యూమినియం చెట్లను కాదని అతడు బక్కచిక్కిన చిన్న చెట్టును తెస్తే తోటివారు ఎగతాళి చేస్తారు.

అంతట లైనస్ వేదికపై నిలిచి లూకా సువార్తలోని జననఘట్టాన్ని అప్పజెప్పుతాడు. ఎన్నడూ దుప్పటి వీడని ఆ బాలుడు, భయపడవద్దని దేవదూత పలికిన చోట దానిని జారవిడుస్తాడు. రెండవమారు చూచినప్పుడే ఈ సంగతి గమనించాను. వచనం ముగియగానే మరల దుప్పటి చేతబట్టుకొని చార్లీ వద్దకు నడచివస్తాడు.