పార్సిల్ పేరుతో వచ్చే లింకు

ప్రశ్న: పార్సిల్ చిరునామా సరిగా లేదని, 48 గంటల్లో సరిచేయాలని తపాలా శాఖ పేరుతో మెసేజ్ వచ్చింది. నమ్మవచ్చా?

జవాబు: ఈ మెసేజ్ నకిలీదని ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ఇదివరకే తేల్చింది. లింకు నొక్కితే అచ్చం తపాలా శాఖ సైట్ లాంటిదే తెరుచుకుంటుంది. మళ్లీ పంపడానికి పాతిక రూపాయలో ఎంతో కట్టమంటుంది. మోసగాడి కన్ను ఆ పాతిక మీద కాదు, అది కట్టడానికి ఇచ్చే కార్డు నంబరు, ఓటీపీల మీద.

డెలివరీ మనిషినంటూ వచ్చే ఫోన్ ఇంకా ప్రమాదం. దారి తెలియడం లేదంటూ స్టార్ గుర్తుతో మొదలయ్యే నంబరు నొక్కమంటారు. అది కాల్ ఫార్వర్డింగ్ కోడ్. నొక్కితే కాల్స్ అవతలివాడికి మళ్లుతాయి. కాల్ ద్వారా వచ్చే ఓటీపీతో వాట్సాప్ ఖాతా కూడా చేజారుతుంది. పొరపాటున నొక్కినవారు ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగ్ రద్దవుతుంది.

పార్సిల్ నిజమో కాదో ఆర్డర్ ఇచ్చిన యాప్‌లోనే చూసుకోవాలి, మెసేజ్‌లోని లింకులో కాదు. వాట్సాప్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోవడం మంచిది. డబ్బు పోతే వెంటనే బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైనకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.