అనుభవం లేకపోయినా ఇంటర్న్‌షిప్

డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మధ్య తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అనుభవం ఉంటేనే తీసుకుంటామంటున్నారు. తీసుకుంటేనే గదా అనుభవం వచ్చేది?" పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదన్న సామెత లాంటి చిక్కు ఇది. పైగా ఇంటర్న్‌షిప్ ఇప్పుడు ఐచ్ఛికం కూడా కాదు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చదువులో భాగం చేశారు. కాబట్టి ఈ ముడి విప్పే దారి తెలుసుకోవాలి.

చూపించడానికి ఏముంది?

ఇంటర్న్‌ను తీసుకునేవారు పూర్తి నైపుణ్యం ఆశించరు. చెప్పిన పని అర్థం చేసుకుని గడువులోగా పూర్తి చేస్తారన్న నమ్మకం కోరుకుంటారు. ఒక చిన్న పని చేసి చూపితే ఆ నమ్మకం కలుగుతుంది. బీకాం విద్యార్థి వీధిలోని కిరాణా కొట్టు యజమాని అనుమతితో నెల రోజుల కొనుగోళ్లు, అమ్మకాలు ఎక్సెల్‌లో నమోదు చేసి, ఏ సరుకు మీద ఎంత మిగిలిందో ఒక పేజీలో రాయవచ్చు. కంప్యూటర్ విద్యార్థి అపార్ట్‌మెంట్ సంఘం చందాల లెక్క చూసే చిన్న ప్రోగ్రాం తయారుచేయవచ్చు. బీఏ విద్యార్థి రెండు వ్యాసాలు తెలుగులోకి అనువదించి దగ్గర ఉంచుకోవచ్చు.

బయోడేటా, ఉత్తరం

బయోడేటా ఒక్క పేజీ చాలు. "కష్టపడే స్వభావం" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "ఎన్‌ఎస్‌ఎస్ శిబిరంలో 50 మంది భోజన ఖర్చుల లెక్క చూశాను" అంటే తెలుస్తుంది. ఉత్తరంలో నాలుగు విషయాలుండాలి: మీరెవరు, ఆ సంస్థనే ఎందుకు ఎంచుకున్నారు, ఇంతవరకు ఏం చేశారు, ఏ తేదీల్లో రాగలరు. ఒకే ఉత్తరాన్ని యాభై చోట్లకు పంపడం కన్నా, పది సంస్థల గురించి తెలుసుకుని విడివిడిగా రాయడం మేలు. పది రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి.

ఎక్కడ వెతకాలి?

ముందు కాలేజీ ప్లేస్‌మెంట్ విభాగం, ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్ చూడండి. ఊళ్లోని చార్టర్డ్ అకౌంటెంట్ల కార్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు, చిన్న పరిశ్రమలు ప్రకటనలు ఇవ్వకపోయినా, అడిగితే అవకాశం ఇవ్వవచ్చు. రిజర్వు బ్యాంకు వేసవి ఇంటర్న్‌షిప్ ప్రధానంగా పీజీ, అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్, న్యాయ కోర్సుల వారికోసం. దరఖాస్తులు సాధారణంగా అక్టోబరు, డిసెంబరు మధ్య తీసుకుంటారు. వేసవి వచ్చాక వెతికితే ఆలస్యమవుతుంది.

2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి చాలామంది అడుగుతున్నారు. మొదట ప్రకటించిన నిబంధనల ప్రకారం, కుటుంబంలో శాశ్వత ప్రభుత్వ ఉద్యోగి ఉంటే అర్హత లేదు. ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులూ ఆ లెక్కలోకే వస్తారు. రెగ్యులర్‌గా చదువుతున్నవారికీ అవకాశం లేదు. దరఖాస్తుకు ముందు తాజా నిబంధనలు చదవండి.

తల్లిదండ్రులకు ఒక మాట

మన శాఖలో రుణం తీసుకున్నవారిని, తీసుకోబోయేవారిని "మా అబ్బాయికి ఒక అవకాశం ఇవ్వండి" అని అడగకూడదు. ఖాతాదారు కాదనలేడు. రేపు అదే ఖాతా ఫైలు మన బల్ల మీదికి వస్తే మన నిర్ణయం మీద నీడ పడుతుంది. ఉత్తరం రాయాల్సిందీ, ఫోన్ చేయాల్సిందీ పిల్లలే. ఇంట్లో మాక్ ఇంటర్వ్యూ పెట్టడం, ఉత్తరంలో తప్పులు దిద్దడం మన పని.

మరో జాగ్రత్త కూడా అవసరం. రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, శిక్షణ రుసుము అంటూ డబ్బు అడిగే చోటికి వెళ్లవద్దు. పని నేర్పకుండా సర్టిఫికెట్ అమ్మే సంస్థలకు దూరంగా ఉండండి. చేరేముందు పని వివరం, వ్యవధి, స్టైపెండ్ ఉందా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

చేరిన రోజు నుంచి ఏ పని చేశారో రోజుకు రెండు వాక్యాలు డైరీలో రాసుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలో "అనుభవం ఉందా?" అని అడిగితే, జవాబు ఆ డైరీలోనే దొరుకుతుంది.